టాల్‌స్టాయి యుద్ధగ్రంథములు - పునఃపఠనము

భారతమును బాల్యమున చదివినవానికి భీష్మ ద్రోణ కర్ణ పర్వములే భారతముగ తోచును. ఎవరు ఎవరిని కూల్చిరి, ఏ యస్త్రమునకు ఏ ప్రత్యస్త్రము ప్రయోగింపబడెను అను కుతూహలమే వానిని నడిపించును. నడివయస్సు దాటిన పిమ్మట ఆ గ్రంథమునే మరల విప్పినచో, స్త్రీపర్వముకడ చేయి నిలిచిపోవును. గ్రంథము మారలేదు, చదువరి మారినాడు. యుద్ధమును వర్ణించిన గొప్ప గ్రంథముల కెల్ల ఇది సహజలక్షణము. ఈ సత్యమును తన జీవితముచేతనే నిరూపించినవాడు రష్యాదేశపు కౌంటు లియో టాల్‌స్టాయి. ఆయన యుద్ధమును కన్నులార చూచెను, చూచినదానిని వ్రాసెను, వ్రాసినదానిని కొంతకాలమునకు తానే నిరసించెను, నిరసించియు ముసలితనమున మరల యుద్ధమునే వ్రాసెను. ఎనుబదిరెండేండ్ల ఆ జీవితమంతయు యుద్ధమును గూర్చిన ఒక దీర్ఘమైన పునఃపఠనమని చెప్పవచ్చును.

టాల్‌స్టాయి 1828వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన (నాటి రష్యా పంచాంగము ననుసరించి ఆగస్టు 28) మాస్కో నగరమునకు దక్షిణమున, తూలా మండలమందలి యాస్నయా పొల్యానా యను ఎస్టేటులో జన్మించెను. తల్లి వోల్కాన్‌స్కీ రాజవంశపు ఆడపడుచు. ఆ భూములు ఆమె పుట్టినింటివి. తండ్రి నెపోలియనుతో జరిగిన యుద్ధములలో పాల్గొని, ఫ్రెంచివారికి చిక్కి, 1814లో మిత్రసైన్యములు పారిసునగరము ప్రవేశించినప్పుడు విడుదలయైన సైనికోద్యోగి. బాలునికి రెండేండ్లు నిండకమునుపే తల్లియు, తొమ్మిదవయేట తండ్రియు గతించిరి. పిల్లలను దగ్గరి బంధుస్త్రీలు పెంచిరి. నలుగురన్నదమ్ములలో లియో కడగొట్టువాడు. పెద్దన్న నికొలాయి తమ్ములకు ఒక కథ చెప్పెడివాడు. ఎస్టేటులోని ఒక లోయ యంచున పచ్చని కఱ్ఱ యొకటి పాతిపెట్టబడి యున్నదట. మనుష్యులెల్లరు కలహములు మాని సుఖముగ జీవించు రహస్యము దానిపై చెక్కబడి యున్నదట. ఈ కథను టాల్‌స్టాయి జీవితాంతము మఱవలేదు.

యౌవనము మాత్రము ఆ రహస్యమునకు బహుదూరముగ గడచెను. 1844లో కజాన్ విశ్వవిద్యాలయమున చేరి మొదట ప్రాచ్యభాషలు, పిదప ధర్మశాస్త్రము చదువబోయి, పట్టము పొందకయే 1847లో ఇల్లు చేరెను. అన్నదమ్ముల పంపకములలో యాస్నయా పొల్యానాయు, దానితోపాటు అందలి దాసకృషీవలులును ఆయన వంతునకు వచ్చిరి. భూమితోపాటు మనుష్యులనుగూడ సొత్తుగ లెక్కించు కాలమది. కృషీవలులకు మేలుచేయవలెనను తలంపు ఒకవైపు, జూదమును విలాసములును మరియొకవైపు ఆ యువకుని లాగుచుండెను. పేకాట ఋణములు పేరుకొనెను. తాను పుట్టిన పెద్దభవనమునే 1854లో పొరుగువాని కమ్మవలసివచ్చెను. కొన్నవాడు దానిని ఊడదీయించి తరలించుకొనిపోయెను. వ్యసనము తన పునాదులనుగూడ పెల్లగించునని భూస్వాములకు వేరుగ బోధింపనక్కరలేదు.

1851లో, సైన్యోద్యోగియైన నికొలాయి వెంట లియో కాకససు పర్వతప్రాంతమునకు పోయెను. అచ్చట రష్యాసైన్యములు చెచెనులతోడను, ఇతర పర్వతజాతులతోడను ఎడతెగని పోరు సాగించుచుండెను. మరుసటి సంవత్సరమున ఫిరంగిదళమున చేరెను. ఆ ఏడే బాల్యమను పేర వ్రాసిన మొదటి కథ పీటర్సుబర్గు పత్రికయగు సావ్రెమెన్నిక్ నందు ప్రకటితమై పండితుల మెప్పుపొందెను. 1853లో వెలువడిన దాడి యను కథ ఆయన తొలి యుద్ధరచన. అందు కథకుని వేధించు ప్రశ్న యొక్కటే: శౌర్యమనగా నేమి? మాటలాడక తన పని తాను చేసికొనిపోవు ముదుసలి కెప్టెను ఒకడు. కీర్తికై గుఱ్ఱమును ముందునకు దుమికించి నిష్ప్రయోజనముగ చచ్చు కుఱ్ఱయధికారి యొకడు. ఆ ఇరువురి నడుమ ఒక పల్లె దోపిడికి గురియగును. ఆ పల్లెవారు ఏమనుకొనిరో ఆ నాటి కథ ఎక్కువగ చెప్పదు. ఆ మాట చెప్పుటకు టాల్‌స్టాయికి మరి ఏబదియేండ్లు పట్టినది.

1854 నవంబరులో ఆయన సెవాస్టొపోలు చేరెను. ఇంగ్లీషు, ఫ్రెంచి, తురుష్క సైన్యములు ఆ రేవుకోటను ముట్టడించియుండెను. పదునొకండు మాసముల కాలము సాగిన ఆ ముట్టడిలో అత్యంతాపాయకరమైన నాలుగవ బురుజునందు టాల్‌స్టాయి కొంతకాలము ఫిరంగుల నడిపించెను. అచ్చటనుండియే మూడు రచనలు పంపెను. మొదటిదానియందు పాఠకుని చేయిపట్టుకొని నగరమంతయు త్రిప్పినట్లు వ్రాసి, ఆసుపత్రిలో కాలుసేతులు కోయు బల్లలయొద్దకు కొనిపోయెను. ఐనను సామాన్యసైనికుని ఓర్పును చూచి ఆయన హృదయము పొంగెను. క్రొత్తగ సింహాసనమెక్కిన రెండవ అలెగ్జాండరు చక్రవర్తి దానిని మెచ్చి ఫ్రెంచిభాషలోనికి మార్పింప నాజ్ఞాపించెను.

రెండవ రచనకు ఆ గౌరవము దక్కలేదు. పతకములకును, పై హోదాలకును, పెద్దవారితో చేయిపట్టుకొని తిరుగుటకును అఱ్ఱులుచాచు అధికారుల డాంబికమును అందు నిర్దాక్షిణ్యముగ బయటపెట్టెను. శవములను తొలగించుటకై కొన్నిగంటలు కాల్పులు నిలిపినప్పుడు, ఒక చిన్నపిల్లవాడు లోయలో నీలిపూవులు కోసికొనుచు, శవపుచేతిని కాలితో కదిపి చూచి, బెదరి పరుగెత్తును. ఉభయపక్షముల సైనికులు నవ్వుచు మాటలాడుకొందురు. తెల్లజెండాలు దిగిన మరుక్షణమే మరల ఫిరంగులు మ్రోగును. ప్రభుత్వపరిశోధకుడు ఈ రచనను ఛిన్నాభిన్న మొనర్చి అచ్చువేయించెను. ఇందు మంచివాడెవడు, చెడ్డవాడెవడు అని పాఠకుడడిగినచో, సత్యమొక్కటే తన కథానాయకుడని గ్రంథకర్త చేతులు జోడించెను. మూడవ రచనలో ఇరువు రన్నదమ్ములు ఒకేదినమున హతులగుదురు, కోట పడిపోవును. ఏడాదిలోపల వ్రాయబడిన ఈ మూడింటిని వరుసగ చదివినవారికి, రచయిత కన్నులయెదుటనే ఒక్కొక్క తెర తొలగిపోవుట విస్పష్టముగ కానవచ్చును.

1856లో సైన్యమునుండి విరమించిన పిదప టాల్‌స్టాయి రెండుసారులు పశ్చిమ ఐరోపాయందు సంచరించెను. పారిసులో గిలొటీనుతో ఒకని తల నఱకుట చూచి ఆ రాత్రి నిద్రపోలేకపోయెను. 1860లో నికొలాయి క్షయరోగముచే ఆయన చేతులయందే మరణించెను. స్వగ్రామమున కృషీవలుల పిల్లలకు పాఠశాల పెట్టి తానే పాఠములు చెప్పెను. 1862లో, తన ముప్పదినాలుగవయేట, పదునెనిమిదేండ్ల సోఫియా బేర్స్‌ను వివాహమాడెను. ఆ దంపతులకు పదుమువ్వురు సంతానము కలిగిరి. గృహము కుదుటపడిన ఆ సంవత్సరములలోనే మహాగ్రంథము ఆరంభమయ్యెను.

ఆయన మొదట తలపెట్టినది యుద్ధకథ కాదు. 1825లో జారుపై తిరుగుబాటుచేసి సైబీరియాకు పంపబడిన ప్రభువొకడు వృద్ధుడై తిరిగివచ్చు కథ వ్రాయబూనెను. అతని మనస్సు తెలియవలెనన్న 1825 తెలియవలెను. 1825 తెలియవలెనన్న నెపోలియను దండెత్తివచ్చిన 1812 తెలియవలెను. ఆ విజయమునకు ముందరి అవమానము తెలియనిచో విజయమే అర్థముకాదు. ఇట్లు వెనుకకు నడచినడచి కథ 1805 కడ నిలిచెను. తొలిభాగములు రస్కీ వేస్త్నిక్ పత్రికయందు 1865 మొదలు ప్రచురితములాయెను. సంపూర్ణగ్రంథము 1869లో ముగిసెను. చిక్కుచిక్కుగ కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతులను సోఫియా రాత్రులు మేల్కొని శుద్ధప్రతులుగ వ్రాసెడిది. మరునాడు భర్త వానినే మరల దిద్దెడివాడు. ఐదువందలకు పైబడిన పాత్రలతో, యుద్ధము-శాంతి యను పేర ఆ గ్రంథము లోకమున నిలిచెను.

ఈ గ్రంథమునకు కావలసిన సామగ్రి ఆయనకు రెండు తావులనుండి లభించెను. ఒకటి స్వానుభవము, రెండవది పఠనము. స్టెండాలను ఫ్రెంచి రచయిత పార్మా నవలయందు వాటర్లూ యుద్ధమును వర్ణించెను. ఆ యుద్ధమున తిరుగాడిన యువకునకు తాను చూచినది యుద్ధమో కాదో యను విషయమే తెలియలేదు. పొగ, బురద, పరుగు, గందరగోళము తప్ప అతనికేమియు కనబడలేదు. యుద్ధమును ఉన్నదున్నట్లు చూచుట తనకు నేర్పినది ఈ స్టెండాలే యని టాల్‌స్టాయి వృద్ధాప్యమున అంగీకరించెను. సెవాస్టొపోలు బురుజుపై నిలిచిన సైనికుడు ఒక నవలకు ఋణపడుట వింతగ తోచవచ్చును. కంటిచూపు మాత్రమే చాలదు. చూచినదానిని ధైర్యముగ చెప్పుటకు ఒక పూర్వగ్రంథము ఊతయగును. 1867 సెప్టెంబరులో ఆయన, పండ్రెండేండ్ల తన చిన్నబావమఱదిని వెంటబెట్టుకొని, బొరొడినో రణభూమికి పోయి రెండుదినములు నడచి, దిబ్బలను వాగులను పరీక్షించి, ఉదయసూర్యుడు ఏ సైన్యమునకు కన్నులలో పడెనో అదియు తెలిసికొని వచ్చెను.

తొలిసారి చదువు యువకుడు ఈ గ్రంథమున వెదకునది ఆస్టర్లిట్జు, బొరొడినో యుద్ధములు. ఆండ్రూ యువరాజు జెండా పట్టుకొని ముందునకు దూకి గాయపడి వెల్లకిల పడినప్పుడు అనంతమైన ఆకాశము కనబడుటయు, తాను పూజించిన నెపోలియను ఆ క్షణమున అల్పుడై తోచుటయు మనస్సున నాటుకొనును. మరలచదివినప్పుడు వేరువిషయములు పైకి వచ్చును. తుషినను చిన్నఫిరంగియధికారి, పైపు నోటబెట్టుకొని, తనకు తోడు పంపబడలేదని తెలియకయే, సైన్యమునంతను కాపాడును. సాయంకాలమునకు పై అధికారి చేత చీవాట్లు తినును. రాస్టవు కుటుంబపు కుఱ్ఱవాడు శత్రువులు తన్ను చంపవత్తురని నమ్మజాలడు. అందఱికి ఇష్టుడనైన నన్నేల చంపుదురని విస్తుపోవును. తెల్లటోపీ పెట్టుకొని వేడుక చూడవచ్చినవానివలె బొరొడినోకు వచ్చిన పియరు, సాయంకాలమునకు వేరుమనిషియగును. మాస్కో విడుచునప్పుడు నటాషా పట్టుపట్టి, ఇంటిసామానులను బండ్లనుండి దింపించి, గాయపడిన సైనికుల నెక్కించును. యుద్ధఘట్టములకై తొందరపడు యువకుడు ఈ బండ్ల ఘట్టమును త్రిప్పివేయును. సంసారము నెరిగినవాడు అచ్చట కన్నీరు పెట్టుకొనును.

సేనానుల ప్రతిభయే చరిత్రను నడపునను నమ్మకమును టాల్‌స్టాయి ఈ గ్రంథమున నిరాకరించెను. నెపోలియను తాను ఆజ్ఞలిచ్చుచున్నాననుకొనును; ఆ యాజ్ఞలు చేరువేళకు స్థితిగతులు మారియుండును. ముసలి కుటుజవు సేనాని నిదురపోవుచున్నట్లుండి, జరుగవలసినదానికి అడ్డుపడకుండును. అదియే అతని గొప్పతనము. ఈ వాదము అందఱికి నచ్చలేదు. బొరొడినోయుద్ధమున కాలు కోల్పోయి, పిదప విద్యామంత్రిపదవి నలంకరించిన నోరవు, తమతరపు వీరులను గ్రంథకర్త చిన్నచేసెనని 1868లో ఖండించెను. ఆయన నొచ్చుట సహజము. రక్తము ధారవోసినవానికి, తన త్యాగము గందరగోళములోనిదని వినుట కష్టముగదా. కథ మధ్య వచ్చు చారిత్రకచర్చలు దీర్ఘములనియు, ఒక్కొక్కచోట వాదము కళను మించిపోయెననియు చెప్పిన విమర్శకులమాటయు త్రోసివేయదగినది కాదు. ఐనను, ఒక గొప్పవాని పేరువెనుక మఱుగుపడిన వేలకొలది సామాన్యుల లెక్క తీయుమని ఈ గ్రంథము పట్టుపట్టినది. అది నోరవు సైనికులకుగూడ చేసిన గౌరవమే.

అన్నా కరెనినా నవల ముగియువేళకు, 1877లో, బాల్కనుప్రాంతమున తురుష్కులపై యుద్ధజ్వరము రష్యానంతయు ఆవరించెను. స్వచ్ఛందభటులు సెర్బియాకు తరలిపోయిరి. కథలోని వ్రాన్‌స్కీ భగ్నహృదయుడై ఆ యుద్ధమునకే పోవును. ఆ ఉత్సాహమును గ్రంథకర్త శంకించి వ్రాసెను. పత్రికాధిపతి కట్కవు ఆ చివరిభాగమును ప్రచురింప నిరాకరించెను. టాల్‌స్టాయి దానిని వేరుగ అచ్చువేయించెను. జనులందఱు ఒక్కగొంతుతో యుద్ధము కోరునప్పుడు ఆ గొంతు ఎవరిదో విచారింపుమనుట ఏ దేశమునను ప్రియమైన మాట కాదు.

ఏబదియేండ్లు దాటిన పిదప ఆయన జీవితమున గొప్ప మార్పు కలిగెను. క్రీస్తుబోధలోని అహింసయే ధర్మసారమనియు, సైన్యము, శిక్ష, బలవంతపు పన్ను మొదలగు బలప్రయోగములన్నియు అధర్మములనియు నిశ్చయించెను. 1894లో వెలువడిన దేవుని రాజ్యము నీలోనే యున్నది యను గ్రంథమున నిర్బంధసైన్యసేవను తీవ్రముగ ఖండించెను. స్వదేశమున ఆ గ్రంథము నిషేధింపబడెను. ఆయుధములను కుప్పవేసి తగులబెట్టి సైన్యసేవ నిరాకరించిన దుఖోబారులను కర్షకశాఖవారు కెనడాకు వలసపోవుటకు, పునరుత్థానమను నవలద్వారా వచ్చిన సొమ్మును వినియోగించెను. 1901లో రష్యా మతాధికారసభ ఆయనను వెలివేసెను. 1881 తరువాతి రచనలపై హక్కును వదలుకొనుట, ఆస్తి త్యజింపగోరుట మొదలగు విషయములందు భార్యతో తీరని వైరుధ్యమేర్పడెను. పదుమువ్వురిని కని, ఎస్టేటు లెక్కలు చూచి, వ్రాతప్రతులు సిద్ధపఱచిన ఇల్లాలి బాధను ఒప్పుకొనకుండ ఆయన త్యాగమునుమాత్రమే పొగడుట న్యాయము కాదు.

1898లో కళయననేమి యను గ్రంథమున టాల్‌స్టాయి తన పూర్వరచనలపై తానే తీర్పుచెప్పెను. తన కథలలో రెండు చిన్నకథలను తప్ప తక్కినవానినన్నిటిని చెడ్డకళక్రింద త్రోసివేసెను. ఆ త్రోసివేతలో యుద్ధము-శాంతియు చేరినది! లోకము తలదాల్చిన గ్రంథమును కర్త తానే నేలపై పెట్టెను. ఇచ్చట చదువరికి ధర్మసందేహము కలుగును. నవలాకారుని నమ్మవలెనా? ప్రవక్తను నమ్మవలెనా?

ఈ సందేహమునకు సమాధానము ఆయన జీవితమునందే కలదు. 1904లో రష్యా జపానులకు యుద్ధము వచ్చెను. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు ఉభయప్రభుత్వములను నిందించుచు ఒక దీర్ఘవ్యాసము వ్రాసెను. లండను టైమ్సు పత్రిక దానిని ప్రకటించెను. స్వదేశమునకు ద్రోహి యని పలువురు దూషించిరి. కాని ఆ సంవత్సరాంతమున పోర్టు ఆర్థరు కోట జపానువారి వశమైన వార్త విని, ఆయన మనస్సు నొచ్చెను. ఆ నొప్పిని దాచుకొనక, ఇది తనలో మిగిలిన దేశాభిమానమేయని దినచర్యలో వ్రాసికొనెను. సెవాస్టొపోలు బురుజుపైని ఇరువదియారేండ్ల ఫిరంగియధికారి ఆ వృద్ధునిలో ఇంకను చావలేదు. యుద్ధము పాపమని తెలిసినవాని రక్తముకూడ ఓటమికి ఉడుకును. ఆ సంగతి నొప్పుకొన్నవాడే యుద్ధమును గూర్చి విశ్వసింపదగిన మాట చెప్పగలడు.

ఆ మాట ఆయన హాజీ మురాదు కథయందు చెప్పెను. 1896లో ఒక వేసవిదినమున, దున్నిన చేనినడుమ నాగలిక్రింద నలిగియు నిలిచియున్న ముండ్లమొక్కను చూచినప్పుడు, యౌవనమున కాకససునందు తాను వినిన అవారునాయకుడు జ్ఞప్తికి వచ్చెను. హాజీ మురాదు తన నాయకుడగు షామిలుతో విరోధించి 1851లో రష్యావారిని చేరెను. షామిలు చెఱలోనున్న తన కుటుంబమును విడిపించుకొనుటకై మరుసటి యేట తప్పించుకొనిపోబోయి వధింపబడెను. కథానికలు తుచ్ఛములని చాటిన వృద్ధుడు, కాగితములు గ్రంథములు తెప్పించుకొని, పదిసారులు తిరుగవ్రాసి, ఎనిమిదేండ్లు ఆ కథతో పెనగులాడెను. బ్రతికియుండగా ప్రకటింపలేదు, 1912లోగాని అది వెలుగుచూడలేదు.

యౌవనమున వ్రాసిన దాడి కథకును, ఈ కథకును నడుమ అర్ధశతాబ్దము కలదు. మునుపు కథకుని దృష్టి రష్యాయధికారుల శౌర్యముపై నుండెను. ఇప్పుడు సైన్యము వెడలిపోయిన తరువాత ఆ పల్లెలో నిలిచి చూచినాడు. కొడుకు శవముచెంత విలపించు తల్లి, నఱకబడిన పండ్లచెట్లు, కాల్చబడిన తేనెపెట్టెలు, బుద్ధిపూర్వకముగ మలినము చేయబడిన నీటిబుగ్గ కనబడును. పీటర్సుబర్గులో జారు తన మహిమకు తానే మురియుచుండును. రష్యా పల్లెలో ఒక ముసలిది, పిల్లలుగల అన్నకు బదులుగ సైన్యమునకు పోయిన చిన్నకొడుకునకు, జాబులో ఒక రూబులు పెట్టి పంపును. కొడుకు చనిపోయెనను వార్తతో ఆ రూబులు తిరిగివచ్చును. చెచెనుతల్లికిని రష్యాతల్లికిని నడుమనున్న కొండలు ఆ కథలో కరగిపోవును. బోధకుడు గ్రంథములకొలది చెప్పినదానిని కథకుడు ఒక రూబులుతో చెప్పెను. కాబట్టి నవలాకారుడును ప్రవక్తయు ఇరువురు కారు. మొదటివాడు చూచినదానినే రెండవవాడు బోధించెను; బోధ ఎండిపోయినప్పుడు మొదటివాడు మరల కలము పట్టెను.

ఆయన మాట మనదేశమునకును చేరినది. కెనడానుండి స్వతంత్రహిందూస్థానమను పత్రిక నడిపిన తారకనాథదాసు, భారతస్వాతంత్ర్యమునకు సహాయముగ మాటచెప్పుమని వ్రాయగా, టాల్‌స్టాయి 1908 డిసెంబరులో ఒక హిందువునకు లేఖ యను సుదీర్ఘమైన ప్రత్యుత్తరము వ్రాసెను. ఒక వర్తకసంఘము కోట్లకొలది ప్రజలను దాసులను చేయగలిగినది ప్రజల సహకారముచేతనే గాని కత్తిచేత కాదనియు, హింసలో పాల్గొనక తొలగినచో ఆ బంధము తానే వీడుననియు దాని సారాంశము. 1894లోనే ఆయన గ్రంథముచే ప్రభావితుడైన గాంధీమహాత్ముడు, 1909లో లండనునుండి ఆయనకు వ్రాసి, తిరుగుప్రయాణమున ఓడపై ఆ లేఖను గుజరాతీలోనికి తెనిగించినంత శ్రద్ధతో అనువదించెను. 1910లో జొహానెస్‌బర్గు సమీపమున కాలెన్‌బాకు ఇచ్చిన పదునొకండువందల యెకరములలో చెఱసాలకేగిన సత్యాగ్రహుల కుటుంబములకై వెలసిన ఆశ్రమమునకు టాల్‌స్టాయి క్షేత్రమని పేరిడెను. అచ్చట గుజరాతీలు, తమిళులు, ఉత్తరహిందూస్థానీయులతోపాటు ఆంధ్రులును నివసించిరి. సెవాస్టొపోలు బురుజున పుట్టిన సందేహము, దక్షిణాఫ్రికా తోటలో మట్టిపిసికిన తెలుగువారి జీవితమును తాకిన విధమిది.

1910 నవంబరులో ఒకరాత్రి, ఇంటిలోని కలహము భరింపలేక, వైద్యుని వెంటబెట్టుకొని టాల్‌స్టాయి గృహము వీడెను. కుమార్తె అలెగ్జాండ్రా త్రోవలో వచ్చి కలిసికొనెను. రైలులో జలుబుచేసి న్యుమోనియాగ పరిణమింపగా, అస్టాపొవో యను చిన్నస్టేషనులో దిగి, స్టేషనుమాస్టరు ఇంట పడుకొనెను. నవంబరు 20వ తేదీన కన్నుమూసెను. తుదివరకు బయట వేచియున్న సోఫియాను ఆయనకు స్పృహ తప్పిన తరువాతగాని లోనికి రానీయలేదు. దేహమును యాస్నయా పొల్యానాకు చేర్చి, అన్న చెప్పిన పచ్చనికఱ్ఱ పాతబడెనన్న లోయయంచున, ఆయన కోరినట్లే, శిలువయు శిలాఫలకమును లేకుండ పూడ్చిరి.

ముప్పదియొకటవ ఏట యుద్ధము ఆ సమాధికే వచ్చెను. 1941 చివర జర్మనుసైన్యములు యాస్నయా పొల్యానాను నెలన్నర ఆక్రమించి, ఇంటిలో మకాముచేసి, పోవునప్పుడు నిప్పుపెట్టెను. అచ్చటి సేవకులు మంటలార్పి ఇంటిని నిలిపిరి. చచ్చిన తమ సైనికులను జర్మనులు టాల్‌స్టాయి సమాధిచెంతనే పాతిరి. పిదప రష్యావారు వారిని వేరుచోటికి మార్చిరి. ముట్టడిలో ఆకలితో మాడుచున్న లెనిన్‌గ్రాడు పౌరులు యుద్ధము-శాంతిని చదువుకొనిరి. యుద్ధరంగమున విలేఖకుడుగ తిరిగిన వాసిలీ గ్రాస్‌మన్, ఆ నాలుగేండ్లలో దానిని రెండుసారులు చదివెను. కర్త నిరసించిన గ్రంథము, కర్త భయపడిన కాలమున, మనుష్యులకు తోడుగ నిలిచెను.

ఇంటి అలమారులో యుద్ధగ్రంథములున్నవారు వానిని మరల దింపవలెనని మా మనవి. యౌవనమున మడచిన పుటలు ఇప్పుడు వేరుగ కనబడును. నాడు త్రిప్పివేసిన పుటలే నేడు ఆపివేయును. విజేతల పేరులు జ్ఞాపకముంచుకొనుటకు ఒకసారి చదివిన చాలును. నటాషా దింపించిన సామానును, ముసలితల్లికి తిరిగివచ్చిన రూబులును చూడవలెనన్న రెండవసారి చదువవలెను. టాల్‌స్టాయి తన జీవితమున అట్లు పలుమారులు చదివెను. ప్రతిమారును ఆయనకు శత్రువు కొంత దగ్గరయ్యెను.